జాతరకు పోయే గుర్రం, దానితో వచ్చే జబ్బు

మా నాందేడ్ జిల్లాలో గుర్రాలు చేరే మాళేగావ్ జాతరకు ఇంకా చాలా టైం ఉంది కదా అని అందరూ అనుకునే రోజుల్లోనే ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇందులో చెప్పబోయే పనుల్లో కొన్నింటికి రెండు నెలల ముందు నుంచే కదలాలి, జాతర వారం ముందు గుర్తొస్తే లాభం లేదు.

మాది ధర్మాబాద్. జిల్లా నాందేడ్, బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, బాసర మాకు పక్కూరి కింద లెక్క. తాత కాలం నుంచి మా ఇంట్లో గుర్రాలున్నాయి. ఇప్పుడున్నవి రెండు ఆడగుర్రాలు, రెండూ బరాత్‌లకు పోయేవే. ముహూర్తాల నెలల్లో ఇటు ఉమ్రీ, బిలోలీ, నాయ్‌గావ్, అటు ముధోల్, భైంసా, బోధన్, ఒక్కోసారి నిజామాబాద్ దాకా వెళ్తాయి. నేను డాక్టర్ని కాను. కానీ గుర్రాల మధ్యే పుట్టి పెరిగాను, పశువుల దవాఖానా చుట్టూ తిరిగాను, డాక్టర్ సాబ్‌లను ప్రశ్నలతో విసిగించి మరీ నేర్చుకున్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, మన గుర్రాలకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం మనం తీసుకెళ్ళిన చోటు నుంచో, మనం పెట్టిన మేత నుంచో, మనం కట్టేసిన కొట్టం నుంచో వచ్చేవే. గుర్రం తనంతట తాను ఎక్కడికీ పోదు. కాబట్టి టీకా వేయించామా లేదా అన్నదొక్కటే చూస్తే సరిపోదు. ఈ ఏడాది అది ఎక్కడెక్కడికి పోయింది, ఎవరి గుర్రాలతో కలిసి నిలబడింది, ఏ నీళ్ళు తాగింది, దాన్ని ఏ ఈగ కుట్టింది అని అడుగుతూ పోతే, మన గుర్రానికి ఏ ప్రమాదం ఎక్కువో మనకే తెలుస్తుంది. ఇంట్లోనే ఉండే గుర్రానికి, బరాత్ గుర్రానికి, జాతరకు పోయే గుర్రానికి జాగ్రత్తలు ఒకటి కావు.

ముందు జాతర సంగతే చెప్తాను. మార్గశిరం చివర లోహా తాలూకాలో ఖండోబా గుడి దగ్గర జరిగే ఈ జాతరకు గుర్రాలు, గాడిదలు, ఒంటెలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. మా బాపుకు దసరా ఎంతో అదీ అంతే. నాకూ ఇష్టమే. కానీ అక్కడికి పోయిన గుర్రం ఏ గుర్రం పక్కన నిలబడిందో, ఆ గుర్రం అంతకుముందు ఏ సంతలో ఉండి వచ్చిందో ఎవరికీ తెలియదు. అందరూ ఒకే తొట్టిలో నీళ్ళు తాగిస్తారు, పక్కవాడి బకెట్ అడిగి తీసుకుంటారు, ఒకరి కళ్ళెం ఇంకొకరి గుర్రానికి పెట్టి నడక చూస్తారు. అక్కడ నాకు అన్నిటికంటే ఎక్కువ భయం గ్లాండర్స్ అంటే.

ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు, పేరు బర్క్‌హోల్డేరియా మల్లై. గుర్రాలకు, గాడిదలకు, కంచరగాడిదలకు వస్తుంది. ముక్కు నుంచి పసుపు పచ్చగా, జిగటగా కారుతుంది, చాలాసార్లు ఒక ముక్కురంధ్రం నుంచే. ముక్కు లోపల పుండ్లు పడతాయి. కొన్నింటికి వెనక కాళ్ళ లోపలి వైపు చర్మం కింద వరసగా గడ్డలు లేచి, పగిలి, నూనెలాంటి చీము కారుతుంది. కొన్నింటిలో పైకి ఏమీ కనపడదు, లోపల ఉంటుంది, మిగతా వాటికి అంటిస్తూ పోతుంది. టీకా లేదు. మందులిచ్చి బతికించుకుందాం అనుకోవడానికి కూడా లేదు. పరీక్షలో తేలితే ఆ గుర్రాన్ని నొప్పి లేకుండా చంపి లోతుగా పూడ్చాల్సిందే, చట్టం అదే చెబుతుంది. ఎందుకింత కఠినం అంటే అది మనిషికీ వస్తుంది, వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. మన దేశంలో కొన్నేళ్ళు కనపడకుండా ఉండి 2006లో మళ్ళీ బయటపడింది మన మహారాష్ట్రలోనే. తర్వాత చాలా రాష్ట్రాల్లో కనిపించింది.

అందుకే జాతరకు పోయే ముందు దవాఖానాలో అడిగి రక్తం నమూనా ఇవ్వండి. పరీక్ష హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం లాంటి చోట్ల జరుగుతుంది. రిపోర్ట్ రావడానికి టైం పడుతుంది కాబట్టే రెండు నెలల ముందు అన్నాను. గుర్రం కొంటుంటే ఆ రిపోర్ట్ అమ్మేవాడిని అడగండి. అడిగితే కోపమొస్తుందేమో అనుకోవద్దు, రానివ్వండి. ముక్కు బాగా కడిగి, మెత్తటి బట్టతో తుడిచి గుర్రాన్ని బేరానికి నిలబెట్టేవాళ్ళను నా కళ్ళతో చూశాను. అందుకే మేం గుర్రం దగ్గరికి పోయాక వెంటనే బేరం మొదలుపెట్టం. కాసేపు ఊరికే పక్కన నిలబడతాం. తల దించి మేత తిననిస్తాం. తల దించినప్పుడు ముక్కులో ఉన్నది కిందికి వస్తుంది. తర్వాత దవడల కింద రెండు వేళ్ళతో తడిమి చూస్తాం, అక్కడ గట్టిగా, కదలకుండా గడ్డ తగిలితే ఇక మాటల్లేవు, తిరిగి వచ్చేయడమే. బాపు ఒక మాట అంటుంటాడు: "ముస్తాబు చూసి కొంటే రోగం ఇంటికొస్తది బిడ్డా, ముందుగాల ముక్కు చూడు."

రోగం ఉందని తెలిస్తే గుర్రం పోతుందన్న భయంతో దాచిపెట్టేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఆ ఒక్క గుర్రం మీదే ఇల్లు నడుస్తుంటుంది. కానీ అలా దాచితే కొట్టంలో ఉన్న మిగతావి పోతాయి, రోజూ దాని ముక్కు తుడిచే పిల్లాడికి అంటుకునే ప్రమాదం ఉంది. చంపాల్సి వచ్చిన గుర్రానికి ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. అది గుర్రం ఖరీదుకు సరిపోదు, నిజమే. అయినా దాచడం మాత్రం వద్దు.

జాతరలో అంటుకునే ఇంకో జబ్బు గొంతు గడ్డ, డాక్టర్లు స్ట్రాంగిల్స్ అంటారు. ఇది గ్లాండర్స్ అంత భయంకరం కాదు, చాలా గుర్రాలు కోలుకుంటాయి. గుర్రం పిల్లలకు, వయసులో ఉన్నవాటికి ఎక్కువగా వస్తుంది. జ్వరం, ముక్కు కారడం, దవడ కింద గడ్డ లేచి పగలడం. కోలుకున్నాక కూడా కొన్ని గుర్రాలు నెలల తరబడి లోపల ఆ క్రిమిని దాచుకుని మిగతావాటికి అంటిస్తాయి. ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. దీనిలో ముందు జ్వరం వస్తుంది, మిగతావాటికి అంటించడం ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు గానీ మొదలవదు. అంటే రోజుకు రెండుసార్లు థర్మామీటర్ పెట్టే అలవాటున్న ఇంట్లో, గుర్రం దగ్గకముందే, ముక్కు కారకముందే పట్టుకోవచ్చు, పక్కకు కట్టేయొచ్చు. మామూలు డిజిటల్ థర్మామీటరే చాలు, కొసకు కాస్త వాజెలిన్ రాసి, తోక పక్కకు జరిపి, గుర్రం వెనక కాకుండా పక్కన నిలబడి పెట్టాలి. దారం కట్టి ఆ దారానికి బట్టల క్లిప్ తగిలించి తోక వెంట్రుకలకు పెడితే కింద పడదు. పెద్ద గుర్రానికి 99.5 నుంచి 101.5 ఫారెన్‌హీట్ మామూలు. 102 దాటితే నేను డాక్టర్‌కు ఫోన్ చేస్తాను.

జాతర నుంచి వచ్చిన గుర్రాన్ని, అది మనదైనా సరే కొత్తగా కొన్నదైనా సరే, మూడు వారాలు విడిగా కట్టాలి. విడిగా అంటే కొట్టంలోనే ఆ మూలకు అని కాదు, ముక్కుకు ముక్కు తగలనంత దూరం. దాని బకెట్, తాడు, బ్రష్, మేత తట్ట అన్నీ వేరు. ముందు ఇంట్లో ఉన్నవాటికి మేత వేసి, మాలీష్ చేసి, ఆఖర్న కొత్తదాని దగ్గరికి పోవాలి, తర్వాత చేతులు కాళ్ళు కడుక్కోవాలి. మా ఇల్లు చిన్నది, జాగా లేదు, అందుకే మేం వాడకట్టు చివర చిన్నాయన వాళ్ళ పెరట్లో కడతాం. చిన్నమ్మ మొదట్లో సణిగేది, ఇప్పుడు ఆమే మమ్మల్ని గేటు దగ్గర ఆపి "చేతులు కడిగినావా" అని అడుగుతోంది.

ఇక సర్రా అనే జబ్బు. దీని గురించి మన వైపు ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి. దీన్ని మోసుకొచ్చేది జోరీగ. గేదెలను, ఎద్దులను, ఒంటెలను, కుక్కలను కూడా పట్టే జబ్బే, కానీ గుర్రానికి చాలా గట్టిగా తగులుతుంది. రక్తంలో ట్రిపనోసోమా ఇవాన్సి అనే పరాన్నజీవి చేరుతుంది. 1880లో అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని కనిపెట్టాడు, ఆ పేరే దానికి నిలిచింది. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. మేత బాగానే తింటుంది, అయినా ఎముకలు తేలుతుంటాయి. కొన్నాళ్ళకు పొట్ట కింద, కాళ్ళ మీద నీరు దిగుతుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. కళ్ళ లోపలి ఎరుపు పోయి తెల్లగానో పచ్చగానో అవుతుంది. వెనక కాళ్ళు తూలుతాయి. చాలామంది దీన్ని "పని ఎక్కువై నీరసపడింది" అనుకుని బెల్లం, శనగలు పెంచుతారు, వారాలు గడిచిపోతాయి.

మా ఊరివాళ్ళకు కాలం గుర్తుపెట్టుకోవడానికి గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్లు ఉన్నాయి. జులై 1న తెరుస్తారు, అక్టోబర్ 28న మూస్తారు. జోరీగల కాలమూ ఇంచుమించు అదే, వానలు పడి బురద చేరినప్పటి నుంచి చలి ముదిరేదాకా. ఆ నెలల్లో జ్వరం వచ్చిన ప్రతి గుర్రానికీ రక్తం పరీక్ష చేయించండి. జ్వరం ఉన్న సమయంలో తీసిన రక్తంలోనే అది దొరికే అవకాశం ఎక్కువ, ఆ విషయం డాక్టర్‌కు గుర్తు చేసినా తప్పులేదు. క్వినాపిరమిన్ అనే మందు ఉంది, జబ్బు తగ్గించడానికి వాడే రకం వేరు, ముందు జాగ్రత్తగా కొన్ని నెలలు కాపాడే రకం వేరు. గోదావరి ఒడ్డున, గేదెల మంద పక్కన గుర్రాన్ని కట్టేవాళ్ళు రెండో దాని గురించి వానలకు ముందే డాక్టర్‌ని అడగాలి. ఆ ఇంజెక్షన్‌కు కొన్ని గుర్రాలు చెమటలు పట్టి వణుకుతాయి, గుచ్చిన చోట వాపు వస్తుంది, కాబట్టి డాక్టర్ దగ్గరుండి, మోతాదు లెక్కేసి వేయాలి. గేదెకు వేసిన మందు మిగిలిందని గుర్రానికి వేయించడం అసలు వద్దు, గేదెలు తట్టుకునే కొన్ని మందులు గుర్రం తట్టుకోదు.

ఇది గుర్రాలకు, గేదెలకు మాత్రమే సంబంధించింది అనుకునేవాళ్ళకు ఒక సంగతి. మనలాగే తెలంగాణ సరిహద్దులో ఉన్న చంద్రపూర్ జిల్లాలో 2004లో ఒక రైతుకు జ్వరం వచ్చి పోతూ ఉంటే రక్తం చూశారు, అందులో ఈ సర్రా క్రిమి కనిపించింది. మనిషి రక్తంలో సహజంగా దాన్ని చంపే పదార్థం ఒకటుంటుంది, ఆయన రక్తంలో అది పనిచేయడం లేదని తర్వాత తేలింది. మందుతో కోలుకున్నారు. మనలాంటి వాళ్ళకు అంత సులభంగా రాదు, టెన్షన్ పడాల్సిన పని లేదు. కానీ ప్రపంచం మొత్తం వైద్యులు చదివిన ఆ కేసు మన వైపుదే. అలాంటిది మన గుర్రాలకు రక్తం పరీక్ష చేయించడానికి మనమే బద్ధకిస్తే ఎట్లా?

జోరీగల నుంచి కాపాడే పనులు పెద్ద ఖర్చువి కావు. లద్దె రోజూ తీసి కొట్టానికి దూరంగా పోయాలి, నీళ్ళు నిలవకుండా చూడాలి. జోరీగ ఎక్కువగా పగటి పూట, ఎండలో కుడుతుంది కాబట్టి మిట్ట మధ్యాహ్నం బయట కట్టకుండా నీడలో, వీలుంటే దోమతెర కట్టిన కొట్టంలో ఉంచాలి. వేపాకు పొగ వేస్తాం మేము, కానీ పొగ గుర్రం ముక్కుకు నేరుగా కొట్టకూడదు, దాని ఊపిరితిత్తులు చాలా సున్నితం. పిడుదులు కూడా ఇదే కాలంలో పడతాయి. వాటి వల్ల వచ్చే జ్వరంలో కళ్ళు పచ్చబడతాయి, ఒక్కోసారి మూత్రం ఎర్రగా వస్తుంది. చెవుల లోపల, జూలు కింద, తోక మొదట్లో వేళ్ళతో వెతకాలి.

ధనుర్వాతం గురించి చెప్పేటప్పుడు నాకు బాధ ఆగదు. పెంపుడు జంతువుల్లో గుర్రమే దానికి అందరికంటే తొందరగా లొంగుతుంది, దాన్ని ఆపే టీకా మాత్రం చాలా మామూలుగా దొరుకుతుంది. మా పక్క ఊళ్ళో ఒక తెల్ల గుర్రం ఉండేది, పెళ్ళి పందిరి విప్పిన చోట మేకు గుచ్చుకుంది. కాలు కడిగి పసుపు పెట్టారు, గాయం మానిపోయింది కూడా. కొన్నాళ్ళకు అది చెవులు నిటారుగా పెట్టి, తోక కాస్త ఎత్తి, నాలుగు కాళ్ళు చాపి కొయ్యగుర్రంలా నిలబడిపోయింది. నేను పోయి దాని మొహం ముందు చెయ్యి ఆడిస్తే కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర సర్రున అడ్డం వచ్చింది. నీళ్ళ బకెట్‌లో మూతి పెడుతోంది, తాగలేకపోతోంది, దవడ తెరుచుకోవడం లేదు. చీకటి గదిలో చప్పుడు లేకుండా ఉంచారు, డాక్టర్ వచ్చి చేయగలిగిందంతా చేశారు, దక్కలేదు. ఆ ఇంటి పిల్లలు చాలా రోజులు కొట్టం వైపు చూడలేదు.

ధనుర్వాతం టీకా మొదటిసారి అయితే రెండు డోసులు, మధ్యలో నాలుగు నుంచి ఆరు వారాలు, తర్వాత ఏడాదికొకటి. చూడి గుర్రానికి ఈనడానికి నెల, నెలన్నర ముందు బూస్టర్ వేయిస్తే పిల్లకు జున్నుపాల ద్వారా రక్షణ అందుతుంది. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది కాబట్టి కట్టించిన తేదీ రాసుకోకపోతే ఈ లెక్క తప్పుతుంది. టీకా వేయని గుర్రానికి గాయమైతే మామూలు టీటీ ఒక్కటే సరిపోదు, అది పనిచేయడానికి రోజులు పడుతుంది, వెంటనే కాపాడే యాంటీటాక్సిన్ కూడా కావాలా అని డాక్టర్‌ని అడగాలి. మేకులు ఎక్కడుంటాయో మనకు తెలుసు: పందిరి విప్పిన జాగా, లాడం కొట్టే చోటు, కొత్త కొట్టం కట్టే చోటు. గాయం చిన్నదిగా, లోతుగా ఉంటేనే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆ క్రిమి గాలి తగలని చోట పెరుగుతుంది.

పిచ్చికుక్క కాటుకు కూడా ఏడాదికోసారి టీకా ఉంది, ఊళ్ళో కుక్కలు ఎక్కువుంటే వేయించండి. అంతకంటే ముఖ్యం, ఉన్నట్టుండి గుర్రం వింతగా ప్రవర్తిస్తూ, మింగలేక సొల్లు కారుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. గుర్రాల జలుబుకు, అదే ఇన్‌ఫ్లుయెంజాకు, టీకా సంగతి జాతరలకు తిప్పేవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. 2008లో జమ్మూ వైపు యాత్రల గుర్రాల్లో మొదలై ఎన్నో రాష్ట్రాలకు పాకిన జబ్బు అది.

ఇప్పుడు మేత. అంటురోగాల గురించి ఇంత రాశాను గానీ, మన బరాత్ గుర్రాలను ఎక్కువగా తీసుకుపోయేది కడుపునొప్పే. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని పొట్ట ఒంటితో పోలిస్తే చిన్నది, కొంచెం కొంచెంగా రోజంతా తింటూ ఉండేలా దేవుడు చేశాడు. మనం దాన్ని పొద్దున్నుంచి ఎండలో ఖాళీ కడుపుతో నిలబెట్టి, రాత్రి పెళ్ళివారు ముద్దుగా పెట్టిన బూందీ, లడ్డూలు, పూరీలు, అన్నం తిననిచ్చి, ఇంటికొచ్చాక ఒక తట్ట గుగ్గిళ్ళు పోస్తాం. కడుపుబ్బి పొర్లుతుంది, లేదంటే మూడో రోజుకు గిట్టలు వేడెక్కి ముందు కాళ్ళ మీద బరువు మోపలేక వెనక్కి వాలి నిలబడుతుంది. ఆ గిట్టల జబ్బు ఒకసారి వస్తే మళ్ళీ బరాత్‌కు పనికిరాకపోవచ్చు. అందుకే మేం బరాత్‌కు పోతే గుర్రం పక్కన ఒకరం ఉంటాం, ఎవరైనా ప్లేటు తెస్తే దండం పెట్టి వద్దంటాం. ఎక్కడో గింజల బస్తాలో మూతి పెట్టి తినేసిందని తెలిస్తే, లక్షణాలు కనపడేదాకా ఆగకుండా ఆ గంటలోనే డాక్టర్‌ని పిలవాలి.

లెక్క కావాలంటే, రోజుకు ఒంటి బరువులో దాదాపు రెండు శాతం ఎండు మేత, అందులో ఎక్కువ భాగం గడ్డి, చొప్పే ఉండాలి. గింజలు ఒక్క పూటకు బరువులో అర శాతం దాటకూడదు, అంటే 250 కిలోల గుర్రానికి కిలో పావు. మేత మార్చాలంటే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. నీళ్ళు మామూలు రోజుల్లోనే పెద్ద గుర్రం 25 లీటర్లు దాటి తాగుతుంది, ఎండాకాలం అంతకు రెట్టింపు. పరుగెత్తి వేడెక్కిన గుర్రానికి నీళ్ళు పెట్టకూడదని పెద్దవాళ్ళు చెప్తారు, అది సరికాదు. తాగనివ్వండి. మే నెల ముహూర్తాల్లో మన దగ్గర 44 డిగ్రీలు కొట్టినప్పుడు ఒంటి మీద ధారగా నీళ్ళు పోస్తూనే ఉండండి, నీడలో నిలబెట్టండి, జరీ జూలు, మఖ్మల్ గుడ్డ పెళ్ళికొడుకు ఎక్కే ముందు వేస్తే చాలు.

మన మేతల్లో కొన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ఎండిన జొన్న చొప్ప మంచిదే, మాకు అదే ఆధారం. కానీ పచ్చి జొన్న చేలో, కోసిన తర్వాత వచ్చే పిలకల్లో గుర్రాన్ని రోజుల తరబడి మేపితే మూత్రం పట్టు తప్పి బొట్లు బొట్లుగా కారుతుంది, వెనక కాళ్ళు ఊగుతాయి, అది మళ్ళీ బాగవడం కష్టం. బూజు పట్టిన మక్కజొన్న గుర్రం మెదడును దెబ్బతీస్తుంది, కడిగినా ఎండబెట్టినా ఆ విషం పోదు, పారేయాల్సిందే. అన్నిటికంటే ముఖ్యంగా కోళ్ళ దాణా. బోధన్, నిజామాబాద్ వైపు కోళ్ళ ఫారాల దాణా చవకగా దొరికిందని కొందరు కలుపుతారు. కోళ్ళ దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు, కోడికి, ఎద్దుకు పనికొచ్చే ఆ మోతాదు గుర్రం గుండెను పాడుచేస్తుంది. విరుగుడు లేదు. దయచేసి ఆ బస్తా కొట్టంలోకే రానివ్వొద్దు.

పురుగుల మందు సంగతి. ఏడాదికి ఇన్నిసార్లని కళ్ళు మూసుకుని తాగిస్తూ పోతే పురుగులకు ఆ మందు అలవాటైపోతుంది. ముందు లద్దె పరీక్ష చేయించి, గుడ్లు ఎన్ని ఉన్నాయో చూసి వేయడం మంచి పద్ధతి. తాజా లద్దె, పొద్దున్నే, గుప్పెడు, మూత ఉన్న డబ్బాలో, అంతే. మందు మోతాదుకు బరువు తెలియాలి, కంటితో చూసి చెప్పే బరువు చాలాసార్లు తప్పుతుంది, తక్కువ మోతాదు పడితే పురుగులు చావవు. దీనికి టైలర్ టేపు చాలు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టూ కొలవండి, తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు కొలవండి, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఛాతీ 150, పొడవు 130 ఉంటే దాదాపు 246 కిలోలు. చిన్న పిల్లలకు, నిండు చూలుకు ఈ లెక్క సరిగ్గా రాదు. మేం ప్రతి నెలా కొలిచి గోడ మీద రాస్తాం. మేత బాగా తింటున్నా అంకె తగ్గుతుంటే పురుగులో, పళ్ళో, సర్రానో చూడాల్సిందే.

పళ్ళు ఏడాదికోసారి చూపించాలి, అంచులు కత్తిలా పెరిగి బుగ్గలు కోసుకుంటాయి. నమిలిన గడ్డి ముద్దలుగా కింద పడుతుంటే, లద్దెలో గింజలు అలాగే వస్తుంటే అదే గుర్తు. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి, లాడం అరగలేదు కదా అని ఆపొద్దు. రోజూ సాయంత్రం అడుగు భాగం గీకి శుభ్రం చేయండి, నల్లగా, కంపు కొడుతుంటే తడిలో నిలబడుతోందని అర్థం, ముందు కొట్టం నేల బాగు చేయాలి.

ఆఖరుగా, డాక్టర్‌కు ఫోన్ చేసేటప్పుడు. మన వైపు గుర్రాల వైద్యం బాగా తెలిసిన డాక్టర్లు తక్కువ, ఉన్నవాళ్ళు ఎక్కడో దూరంలో ఉంటారు, సగం వైద్యం ఫోన్‌లోనే మొదలవుతుంది. "గుర్రం బాగాలేదు సార్" అంటే వాళ్ళు ఏం చెప్పగలరు? జ్వరం ఎంత, దవడ ఎముక కింద వేలు పెట్టి చూస్తే నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, ఊపిరి ఎన్నిసార్లు, చిగుళ్ళ రంగేంటి, లద్దె ఎప్పుడు వేసింది, చివరగా ఏం తిన్నది, ఇవి చెప్పండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నాడి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీ గుర్రానివి కొలిచి రాసిపెట్టుకోండి, పోల్చడానికి ఉంటుంది. డాక్టర్ వచ్చేదాకా మీ దగ్గరున్న నొప్పి ఇంజెక్షన్ వేయొద్దు, నొప్పి కాసేపు తగ్గినట్టు కనపడి లోపలి సంగతి డాక్టర్‌కు దొరకదు. మేత తీసేయండి. గుర్రాన్ని ఎక్కించగలిగే బండివాడి నంబర్, రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టర్ నంబర్ కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి, తెలుగులోనూ మరాఠీలోనూ, మీరు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో ఎవరున్నా చదవగలిగేలా.

వచ్చే నెల మా వాడకట్టులో గుర్రాలున్న ఇళ్ళన్నీ కలిసి ఒకే రోజు డాక్టర్‌ని పిలిపిస్తున్నాం, టీటీ మొదటి డోసు, రక్తం నమూనాలు, లద్దె పరీక్ష అన్నీ ఆ రోజే. ఉమ్రీ, కరఖేలీ వైపు వాళ్ళు ఎవరైనా కలవాలనుకుంటే గుర్రం వయసు, ఇంతకుముందు వేసిన టీకాల తేదీలు రాసి పంపండి. తేదీలు గుర్తులేకపోతే గుర్తులేవనే రాయండి, అప్పుడు మొదటి నుంచి రెండు డోసులూ వేయిద్దాం.